స్టూడెంట్ లోన్ కడతామన్న ఆర్మీ కట్టకపోతే: పాత బాకీ కోసం రికార్డు సవరణ బోర్డుకు ఎలా వెళ్లాలి

ఒక ఆదివారం మధ్యాహ్నం మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, ఆర్మీ నాకు పదమూడు వేల అయిదు వందల డాలర్లు బాకీ ఉంది. ఎవరిని అడిగినా మాకు సంబంధం లేదంటున్నారు" అన్నాడు. వాడు అమెరికాలోనే పుట్టి పెరిగాడు. డిగ్రీ అయ్యాక 2014 జూన్‌లో ఆర్మీ నేషనల్ గార్డ్‌లో, అంటే రాష్ట్రాల పరిధిలో ఉండే పార్ట్‌టైమ్ సైన్యంలో, మామూలు సైనికుడిగా చేరాడు. మూడేళ్లకు కమిషన్ తీసుకుని ఆఫీసర్ అయ్యాడు. ఇప్పుడు కెప్టెన్. చేరేటప్పుడు స్టూడెంట్ లోన్ తామే తీరుస్తామని కాగితం మీద రాసిచ్చారు. ఒక్క వాయిదా కూడా కట్టలేదు.

నేను లాయర్‌ని కాను. ఆఫీసులో లెక్కలు చూసుకునేవాణ్ణి. వాడి ఫైలు ముందేసుకుని కూర్చున్నాక నేర్చుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను. మీరు అమెరికా సైన్యంలో ఆఫీసర్ అయినా, మీ ఇంట్లో పిల్లలెవరైనా అక్కడ పనిచేస్తున్నా, ఇలా ఆగిపోయిన పాత బాకీని వెనక తేదీ నుంచి రాబట్టుకోవడానికి ఇది దారి.

ముందుగా ఒక్క విషయం పట్టుకోండి. సైన్యం లోపల మీరు వెళ్లే చివరి గడప సైనిక రికార్డుల సవరణ బోర్డు. ఆ బోర్డు పని డబ్బు పంచడం కాదు, రికార్డు దిద్దడం. "ఫలానా తేదీన ఈ కాగితం సరిగ్గా పూర్తయినట్టు రికార్డు మార్చండి" అని మీరు అడగాలి. రికార్డు మారితే రావలసిన డబ్బు దాని వెనకాలే వస్తుంది. ఈ తేడా తెలియక చాలామంది తమ కష్టమంతా పది పేజీలు రాసి పంపి, రెండు వాక్యాల తిరస్కరణ అందుకుంటారు.

ఈ బోర్డులకు ఒక కథ ఉంది. 1946కు ముందు ఒక సైనికుడి రికార్డులో తప్పు దిద్దాలంటే అమెరికన్ కాంగ్రెస్‌లో వాడి పేరు మీద ప్రత్యేకంగా ఒక బిల్లు పెట్టాల్సి వచ్చేది. ఆ గోల భరించలేక 1946లో చట్టం చేసి, ఆ అధికారాన్ని సైనిక శాఖల మంత్రులకు అప్పగించారు. వాళ్లు సివిలియన్ల బోర్డుల ద్వారా ఆ పని చేస్తారు. చట్టం వాడిన మాటలు రెండు: "పొరపాటు", "అన్యాయం". ఈ రెంటిలో ఏదో ఒకటి ఉందని బోర్డుకు అనిపించాలి. మీ కేసు మొత్తం ఈ రెండు మాటల చుట్టూ తిరుగుతుంది.

మొదటి పని: మీకు ఇచ్చిన మాట ఏ పథకం కిందదో తేల్చుకోండి

అందరూ "లోన్ రీపేమెంట్" అనే అంటారు గానీ, ఆ పేరు కింద చాలా పథకాలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో చట్టం, ఒక్కో లెక్క. మామూలు సైనికులుగా ఫుల్‌టైమ్ ఆర్మీలో చేరినవాళ్లకు గరిష్ఠంగా 65,000 డాలర్ల వరకు కట్టారు. పూర్తయిన ప్రతి సంవత్సరానికి అసలులో మూడో వంతు, లేదా 1,500 డాలర్లు, ఏది ఎక్కువైతే అది. గార్డ్, రిజర్వ్‌లలో ఏడాదికి అసలులో 15 శాతం, లేదా 500 డాలర్లు, ఏది ఎక్కువైతే అది. గార్డ్‌లో మొత్తం మీద 50,000 వరకు ఇచ్చిన ఒప్పందాలు చాలా ఉన్నాయి. డాక్టర్లు, డెంటిస్టులు, నర్సుల్లాంటి వైద్య ఆఫీసర్లకు వేరే పథకం, చాప్లెన్లకు (సైన్యంలోని మత గురువులకు) వేరే, కొన్ని శాఖల్లో మిలిటరీ లాయర్లకు వేరే.

ఆఫీసర్ల అప్పీళ్లు ఎక్కువగా రెండు రకాలు. ఒకటి, నేరుగా ఆఫీసర్‌గా చేరిన డాక్టరు లాంటివాళ్లది: ఒప్పందం కుదిరింది, కానీ ఫైలు ఎక్కడో ఆగింది. రెండోది మా వాడిది: సైనికుడిగా ఉన్నప్పుడు సంతకం చేసిన ఒప్పందం, తర్వాత ఆఫీసర్ అయ్యాక ఎవరికీ పట్టని ఫైలు. ఈ రెండో రకంలో ఒక మెలిక ఉంది. చాలా ఒప్పందాల్లో కమిషన్ తీసుకుంటే, లేదా ఫుల్‌టైమ్ గార్డ్ ఉద్యోగంలోకి మారితే, ఆ రోజు నుంచి లోన్ చెల్లింపు ఆగుతుందని సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కమిషన్‌కు ముందు గడిచిన సంవత్సరాల డబ్బు వేరు, తర్వాతి సంవత్సరాల డబ్బు వేరు. ఈ రెంటినీ కలిపి అడిగితే బోర్డు రెంటినీ కొట్టేసే ప్రమాదం ఉంది. విడదీసి అడగండి.

లోన్ ఎలాంటిదన్నది కూడా ఇక్కడే చూసుకోవాలి. ఈ పథకాలు ప్రధానంగా అమెరికా ఫెడరల్ స్టూడెంట్ లోన్లకే. మన దగ్గర బ్యాంకులో ఇల్లో పొలమో తాకట్టు పెట్టి, అమెరికాలో ఎంఎస్ కోసం తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ ఇందులోకి రాదు. ఇది విని ఒకరిద్దరు తెలుగువాళ్లు నా మీద చిరాకు పడ్డారు. చిరాకు పడ్డా రాదు. ఇంకా, సైన్యం కట్టేది అసలు వరకే అన్నది మామూలు నియమం. వాళ్లు కట్టని ఏళ్లలో పెరిగిన వడ్డీ మీ నెత్తినే ఉంటుంది. డిఫాల్ట్ అయిన లోన్‌కు చెల్లించరు కాబట్టి, ఆర్మీ కడుతుంది కదా అని నెలవారీ కట్టడం మానేసి ఉంటే ముందు దాన్ని దారిలో పెట్టుకోండి.

రెండో పని: గెలిస్తే లాభమో నష్టమో లెక్క వేసుకోండి

ఈ మాట వింతగా అనిపిస్తుంది. కానీ ఫుల్‌టైమ్ డ్యూటీలో లోన్ రీపేమెంట్ తీసుకున్నవాళ్లకు, ఆ పథకం కింద లెక్కించిన సర్వీసు కాలం సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వం భరించే పోస్ట్-9/11 జీఐ బిల్లు పథకానికి లెక్కలోకి రాదు. అంటే సాధారణంగా మూడేళ్లు. మీరు ఆ జీఐ బిల్లును ఇప్పటికే పిల్లల పేరిట బదిలీ చేసి, వాళ్ల కాలేజీ ఫీజు దాంతో కడుతున్నారనుకోండి. ఇక్కడ పాత లోన్ బాకీ గెలిచి, అక్కడ ఆ ఫీజుకు గొయ్యి తవ్వుకున్నట్టవుతుంది. గార్డ్, రిజర్వ్ పథకాలకు ఈ కోత ఇలా వర్తించదు. మీరు ఎటు వైపో ముందు చూసుకోండి.

ఇంకో లెక్క. ప్రజా సేవ చేసేవాళ్లకు 120 నెలల అర్హమైన చెల్లింపుల తర్వాత మిగతా లోన్ మాఫీ చేసే పథకం ఒకటుంది. సైనిక ఉద్యోగం ఆ పథకానికి అర్హమే. మీరు వందో నెల చెల్లింపు దగ్గరుంటే, రావలసిన మాఫీ పెద్దదా, పాత బాకీ పెద్దదా అన్నది కాగితం మీద వేసి చూడండి. అయితే ఆ మాఫీ దారి కూడా పూలబాట కాదు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2020 జనవరి నాటికి రక్షణ శాఖలో పనిచేసే 287 మందికి మాఫీ దొరికితే, 5,180 మందికి తిరస్కరణ వచ్చింది.

మూడో పని: కాగితాలు. అసలు యుద్ధం ఇక్కడే

మా వాడి ఫైలు మా డైనింగ్ టేబుల్ మీద పరిచినప్పుడు కనిపించింది ఇది. చేరిక ఒప్పందం, అంటే డీడీ ఫారం 4 ఉంది. దాని వెనక అనెక్స్ ఎల్ అనే అనుబంధం ఉంది. గార్డ్‌లో లోన్ రీపేమెంట్ హామీ దాని మీదే రాస్తారు. మా వాడి సంతకం ఉంది, రిక్రూటర్ సంతకం ఉంది, తేదీలు సరిపోయాయి. కుడి చేతి వైపు కంట్రోల్ నంబర్, అంటే ఆ హామీని ఆఫీసు నమోదు చేసుకున్నట్టు చూపే నంబర్, రాయాల్సిన గడి మాత్రం ఖాళీ. ఆ నంబర్ వేయాల్సింది మా వాడు కాదు, ఆఫీసు వాళ్లు. అగ్గిపెట్టె అంత కూడా లేని ఆ గడి ఖాళీగా ఉన్నందుకే మూడేళ్ల డబ్బు ఆగింది.

మీ ఫైలులోనూ ఇలాంటి గడి ఎక్కడో ఉంటుంది. దాన్ని వెతకండి. తరచుగా కనిపించే లోపాలు: అనుబంధం మీద తేదీ చేరిన తేదీ కన్నా తర్వాతది కావడం, ఒక సంతకం లేకపోవడం, ఉద్యోగ కోడ్ ఒప్పందంలో ఒకటీ వాస్తవంలో ఒకటీ ఉండటం, అసలు అనుబంధమే ఫైలులోకి ఎక్కకపోవడం, ఆ ఏటి లోన్ చెల్లింపు కోసం ప్రతి ఏటా నింపాల్సిన డీడీ ఫారం 2475ను యూనిట్ ముందుకు పంపకపోవడం. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ ఫారంలో కొంత మీరు, కొంత ఆఫీసు, కొంత లోన్ కంపెనీ నింపాలి. మీరు నింపి ఇచ్చాక పోయిందా, మీరే నింపలేదా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

ఎక్కడి నుంచి ఏం తెచ్చుకోవాలంటే, సర్వీసులో ఉన్న ఆర్మీవాళ్లకు ఐపర్మ్స్ అనే ఎలక్ట్రానిక్ ఫైలులో ఒప్పందాలు, ఆర్డర్లు ఉంటాయి. అన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి. సర్వీసు వదిలేసినవాళ్లు స్టాండర్డ్ ఫారం 180 నింపి సెయింట్ లూయిస్‌లోని జాతీయ రికార్డుల కేంద్రానికి పంపాలి. ఆఫీసులో మీ గురించి నడిచిన ఈమెయిళ్లు, ఇన్సెంటివ్ ఫైలు కావాలంటే ప్రైవసీ యాక్ట్ కింద అడగొచ్చు. ఇది చాలామంది చేయరు. మా వాడికి పనికొచ్చిన అసలు కాగితం అలా వచ్చిందే: "ఇతనికి నంబర్ తీసుకోవడం మరిచిపోయాం" అని ఒక ఉద్యోగి ఇంకొకరికి రాసిన మూడు లైన్ల మెయిల్.

లోన్ వైపు కాగితాలకు ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ ఖాతాలోకి వెళ్లి మీ లోన్ల డేటా ఫైలు దింపుకోండి. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే మామూలు టెక్స్ట్ ఫైలు అది, చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది. కానీ ప్రతి లోన్ ఏ తేదీన విడుదలైందో అందులో ఉంటుంది. గార్డ్ ఒప్పందాల్లో చేరక ముందు తీసుకున్న లోన్లే లెక్కలోకొస్తాయి. చేరాక మీరు పాత లోన్లన్నీ కలిపి కన్సాలిడేట్ చేసి ఉంటే, కొత్త లోన్ తేదీ చూసి "ఇది చేరాక తీసుకున్న అప్పు" అని పక్కన పెట్టేస్తారు. ఆ కొత్త లోన్ కింద ఏ పాత లోన్లున్నాయో చూపించే పేజీ తప్పకుండా జతచేయండి.

మీరే సొంత డబ్బుతో కట్టేసి ఉంటే ఆ రుజువులు కూడా కావాలి. పథకం చట్టం ప్రకారం డబ్బు లోన్ కంపెనీకే పోవాలి, మీ చేతికి రాదు. లోన్ ఇప్పుడు లేదు కదా అంటారు. అక్కడే బోర్డు అధికారం అక్కరకొస్తుంది. రికార్డు సవరణ చట్టం కింద, లోన్ ఇప్పటికే తీరిపోయిందని రుజువు చూపిస్తే, అంత మొత్తం నేరుగా దరఖాస్తుదారుకే ఇవ్వమని బోర్డు చెప్పగలదు, చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. అందుకని ప్రతి చెల్లింపుకూ బ్యాంకు స్టేట్‌మెంట్ దాచుకోండి.

నాలుగో పని: కింది గడపలన్నీ తొక్కండి

బోర్డు అడిగే మొదటి ప్రశ్న, "కింద అడిగారా?" అని. అడగకుండా వస్తే దరఖాస్తు వెనక్కి పంపుతారు. గార్డ్ వాళ్లయితే రాష్ట్ర ఇన్సెంటివ్ మేనేజర్ ద్వారా "నియమానికి మినహాయింపు" కోరాలి. ఆ విన్నపం జాతీయ స్థాయిలోని గార్డ్ బ్యూరో దాకా వెళ్తుంది. ఫుల్‌టైమ్ వాళ్లు, రిజర్వ్ వాళ్లు తమ తమ హ్యూమన్ రిసోర్సెస్ విభాగానికి రాయాలి. జవాబు లేదంటే వచ్చేదాకా తిరగండి. వచ్చే తిరస్కరణ లేఖను బంగారంలా దాచండి. బోర్డుకు అది మీ ప్రవేశ పత్రం. అందులో వాళ్లు చూపిన కారణమే మీరు బోర్డు ముందు జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

మాట్లాడేవాళ్లే లేకపోతే సైన్యంలో ఫిర్యాదులు విచారించే ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. మీ నియోజకవర్గ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో ప్రైవసీ అనుమతి పత్రం మీద మీరు సంతకం పెట్టి ఇస్తే వాళ్లు విచారణ లేఖ పంపుతారు. దాంతో కేసు గెలవరు గానీ, నిద్రపోతున్న ఫైలు కదులుతుంది. ఆరు నెలలుగా పలకని ఆఫీసు మా వాడికి పదకొండు రోజుల్లో జవాబిచ్చింది. ఫోన్‌లో జరిగిన ప్రతి మాటా అదే రోజు మెయిల్‌గా రాసి వాళ్లకే పంపుకోండి. "ఈరోజు మీరు ఫోన్‌లో ఇలా అన్నారు" అని. వాళ్లు ఖండించకపోతే అదొక సాక్ష్యం.

అయిదో పని: డీడీ ఫారం 149

దరఖాస్తు ఫారం పేరు ఇదే. ఫీజు లేదు. ఆర్మీ, ఆర్మీ గార్డ్, ఆర్మీ రిజర్వ్ వాళ్లు ఆర్మీ బోర్డుకు పంపాలి. నేవీ, మెరైన్ వాళ్లకు నేవీ బోర్డు. ఎయిర్‌ఫోర్స్, ఎయిర్ గార్డ్, స్పేస్ ఫోర్స్ వాళ్లకు ఎయిర్‌ఫోర్స్ బోర్డు. కోస్ట్ గార్డ్‌కు వేరే బోర్డు ఉంది.

పొరపాటు మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్లలోపు పెట్టాలన్నది నియమం. జరిగిన రోజు నుంచి కాదు, తెలిసిన రోజు నుంచి. గడువు దాటినా దారి మూసుకుపోదు; న్యాయం కోసం గడువు పక్కన పెట్టే అధికారం బోర్డుకు ఉంది, ఫారంలో అందుకు కారణం రాసే చోటు కూడా ఉంది. అక్కడ "నాకు తెలియదు" అని రాయకండి. ఎప్పుడు ఎవరిని అడిగారో, వాళ్లు ఎన్ని నెలలు తిప్పారో, విదేశాల్లో డ్యూటీలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నారో తేదీలతో రాయండి.

ఇప్పుడు అసలు సంగతి, వివరణ. మా వాడు మొదట రాసిన చిత్తు ప్రతి దాదాపు ఇలా ఉంది (వాడు ఇంగ్లిష్‌లో రాశాడు, భావం ఇదీ):

"నేను ఎనిమిదేళ్లుగా దేశానికి సేవ చేస్తున్నాను. ఒకసారి విదేశాల్లో డ్యూటీ చేశాను. రిక్రూటర్ నాకు మాట ఇచ్చాడు. నమ్మి మోసపోయాను. నా లోన్ వల్ల ఇల్లు కొనలేకపోతున్నాను. దయచేసి న్యాయం చేయండి."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. బోర్డుకు పనికొచ్చేది కూడా ఒక్కటీ లేదు. ప్రభుత్వ ఉద్యోగి నోటితో ఇచ్చిన తప్పుడు హామీకి ప్రభుత్వం కట్టుబడి ఉండక్కర్లేదన్నది అక్కడ పాత సూత్రం. సేవను ఎవరూ కాదనడం లేదు. రాత్రి కూర్చుని మళ్లీ రాశాం:

"2014 జూన్‌లో నా చేరిక ఒప్పందంతో పాటు అనెక్స్ ఎల్ మీద సంతకం చేశాను (జత 1, 2). దాని మీద కంట్రోల్ నంబర్ వేయడం ఆఫీసు బాధ్యత (జత 3). వేయలేదని ఆఫీసే ఒప్పుకుంది (జత 4). నా వైపు షరతులన్నీ నెరవేర్చాను (జత 5 నుంచి 8). నా రికార్డును, ఒప్పందం రోజునే ఆ నంబర్ ఇచ్చినట్టు సవరించాలని, దాని ప్రకారం 2015, 2016, 2017 జూన్ నెలల్లో రావలసిన మూడు వార్షిక చెల్లింపులకు అర్హుణ్ణని గుర్తించాలని కోరుతున్నాను."

ఈ రెండో దానిలో బాధ లేదు. ఎవరి చేతిలో పని, ఎవరు చేయలేదు, ఏ తేదీన ఏం మారాలి, అంతే. ఇల్లు కొనలేకపోయిన సంగతి చివర్లో ఒక్క వాక్యంగా పెట్టాం. "అన్యాయం" అనే రెండో మాటకు అది కాస్త ఊతం.

రిక్రూటర్ ఇప్పటికీ దొరికితే, ఆయన చేత సంతకంతో ఒక లేఖ రాయించుకోండి. "ఈ ప్రయోజనం ఇస్తామనే చేర్చుకున్నాను, నంబర్ తీసుకోవడం మా తరఫు లోపం" అని రెండు పేరాలు చాలు. అది లేకపోతే అదే నెలలో అదే యూనిట్‌లో చేరి డబ్బు అందుకున్న సహచరుడి లేఖ కూడా పనికొస్తుంది.

మీరు రాయబోయే ముందు, బోర్డుల పాత నిర్ణయాలు చదవండి. పేర్లు తీసేసి వాటిని జనం చూసేలా ఆన్‌లైన్‌లో పెడతారు. మీలాంటి కేసు దొరికితే దాని నంబర్ మీ వివరణలో రాయండి. ఒక కేసు ఇంకో కేసును కట్టిపడేయదు, నిజమే. కానీ బోర్డు ఏ కారణానికి తల ఊపుతుందో, ఏ కారణానికి తిప్పికొడుతుందో మీకు అర్థమవుతుంది. నేను పది దాకా చదివాను. అన్నిటిలోనూ ఒకే గొంతు: ఆఫీసు సక్రమంగానే పనిచేసిందని బోర్డు మొదట అనుకుంటుంది, కాదని తేల్చాల్సింది మీరే. బేస్‌లో లీగల్ అసిస్టెన్స్ ఆఫీసు ఉంటుంది, ఉచితం. బయట లాయర్‌ని పెట్టుకునే ముందు వాళ్ల చేత ఒకసారి చదివించండి.

ఆరో పని: సలహా అభిప్రాయం రాగానే నిద్ర మానండి

ఫైలు చేరాక బోర్డు మీ శాఖలోని సంబంధిత ఆఫీసును అభిప్రాయం అడుగుతుంది. ఆ అభిప్రాయం మీకూ పంపి, జవాబివ్వడానికి కొద్ది రోజుల గడువిస్తారు. బోర్డుతో మీ కేసు గురించి నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు మీకు చూపించాలని చట్టమే చెబుతుంది. ఎక్కువమంది ఈ కవరు తెరిచి, "ఒప్పుకోవద్దని రాశారు" అని కుంగిపోయి ఊరుకుంటారు. నా లెక్కలో ఇదే మొత్తం దారిలో అన్నిటికన్నా విలువైన మలుపు. అవతలివాళ్లు తమ పేకలన్నీ మీకు చూపించేశారు. ఒక్కో వాక్యానికీ ఒక్కో జవాబు, ఒక్కో కాగితం. మా వాడికి వచ్చిన అభిప్రాయంలో "దరఖాస్తుదారు వార్షిక ఫారాలు సమర్పించలేదు" అని ఉంది. యూనిట్‌కు మెయిల్‌లో పంపిన 2015, 2016 ఫారాల కాపీలు వాడి పాత ల్యాప్‌టాప్‌లో దొరికాయి. 2017ది దొరకలేదు. "ఆ ఏడాది ఒప్పందమే చెల్లదని ఆఫీసు చెప్పినందువల్ల సమర్పించలేదు" అని నిజం రాసి, ఆఫీసు అలా చెప్పిన మెయిల్ జతచేశాడు.

చిరునామా మారితే బోర్డుకు తప్పకుండా తెలపండి. ఆఫీసర్లకు రెండు మూడేళ్లకోసారి బదిలీలు, ఈ కవరు పాత ఇంటి గుమ్మంలో పడి ఉంటుంది.

ఆ తర్వాత ఎదురుచూపులే. చాలా వరకు దరఖాస్తులను 10 నెలల్లో, అన్నిటినీ 18 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. హాజరై వాదించే అవకాశం అడగొచ్చు గానీ, దాదాపు అన్నీ కాగితాల మీదే తేల్చేస్తారు. కనీసం ముగ్గురు సభ్యులు చూస్తారు.

ఎదురుచూసే లోపు తేలిగ్గా దొరికే పాత ప్రయోజనాలు

బోర్డు అక్కర్లేకుండానే వెనక తేదీ నుంచి దొరికేవి కొన్ని ఉన్నాయి. సర్వీసులోకి రాకముందు తీసుకున్న అప్పుల మీద, యాక్టివ్ డ్యూటీ కాలంలో వడ్డీ 6 శాతం దాటకూడదు. డ్యూటీ ముగిశాక 180 రోజుల లోపు రాతపూర్వకంగా ఆర్డర్ల కాపీతో అడిగితే, డ్యూటీ మొదలైన రోజు నుంచే వర్తిస్తుంది. ఈ నియమాన్ని పట్టించుకోనందుకు అమెరికా న్యాయ శాఖ 2014లో శాలీ మే, నావియెంట్ అనే స్టూడెంట్ లోన్ కంపెనీలతో 6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 77,000 మందికి పైగా సైనికులకు చెక్కులు వెళ్లాయి. రెండోది, ప్రమాదకర ప్రాంతంగా గుర్తించి ప్రత్యేక వేతనం ఇచ్చిన చోట పనిచేసిన కాలానికి, 2008 అక్టోబర్ 1 తర్వాతి డైరెక్ట్ లోన్ల మీద వడ్డీ సున్నా, 60 నెలల వరకు. చాలామందికి ఇది తెలియనే తెలియదు. 2021 ఆగస్టులో విద్యా శాఖ రక్షణ శాఖ రికార్డులతో పోల్చి, 47,000 మందికి పైగా ఈ వడ్డీని వెనక్కి వెళ్లి రద్దు చేస్తామని ప్రకటించింది. మీ స్టేట్‌మెంట్‌లో అది పడిందో లేదో చూడండి.

తీర్పు వచ్చాక

మా వాడికి 14 నెలలకు వచ్చింది, సగం గెలుపు. కమిషన్‌కు ముందు మూడేళ్ల చెల్లింపులు ఇవ్వమన్నారు: 30,000 అసలులో ఏడాదికి 15 శాతం చొప్పున 4,500, మూడేళ్లకు 13,500. తర్వాతి ఏళ్లకు వాడి అనెక్స్‌లోని కమిషన్ నియమం చూపించి కాదన్నారు. ఆ రెండో భాగం మేం వేరుగా, "వీలైతే" అని అడిగాం కాబట్టి మొదటిదాన్ని అది ముంచలేదు.

తీర్పుతో డబ్బు అదే రోజు రాదు. రికార్డు సవరించినట్టు ఆర్డర్ వెళ్లాలి, ఆ తర్వాత డీఫాస్ అనే చెల్లింపుల విభాగం లెక్క కట్టాలి. వాళ్లు మళ్లీ లోన్ కాగితాలడుగుతారు. విసుక్కోకుండా మళ్లీ పంపండి. వచ్చే మొత్తం ఆదాయంగానే లెక్క, పన్ను పట్టుకునే ఇస్తారు, ఏటా జీతం, పన్ను చూపించే మీ డబ్ల్యూ-2 పత్రంలో కనిపిస్తుంది. మూడేళ్ల డబ్బు ఒకే ఏడాదిలో పడితే పన్ను రేటు మారొచ్చు, ముందే మీ పన్ను లెక్కలు చూసేవాళ్లతో మాట్లాడండి.

పూర్తిగా కాదంటే రెండు దారులు. బోర్డు ఇదివరకు చూడని కొత్త ఆధారం దొరికితే మళ్లీ పరిశీలించమని అదే బోర్డును అడగొచ్చు. పాత వాదనే కొత్త ఫాంట్‌లో పంపితే చూడరు. రెండోది ఫెడరల్ కోర్టు. 10,000 డాలర్లు దాటిన డబ్బు క్లెయిములకు వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది, ఆరేళ్ల గడువు. బోర్డు తేల్చేదాకా ఆ గడియారం ఆగి ఉంటుందని నమ్ముకోకండి. చాలా ఏళ్ల నాటి బాకీ అయితే ఈ ఒక్క విషయానికి లాయర్‌కు డబ్బిచ్చి అడగడం దండగ కాదు.

గెలిచాక కూడా ఫైలు పారేయకండి. కాలిఫోర్నియా నేషనల్ గార్డ్‌లో ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల కాలంలో ఇచ్చిన బోనస్‌లు, లోన్ చెల్లింపులు అర్హత లేకుండా ఇచ్చామని చెప్పి, ఏళ్ల తర్వాత వేల మంది సైనికులను వెనక్కి కట్టమన్నారు. 2016 అక్టోబర్‌లో అది పత్రికలకెక్కి పెద్ద గొడవయ్యాక అప్పటి రక్షణ మంత్రి ఆష్ కార్టర్ ఆ వసూళ్లు ఆపించారు. పాత కాగితాలు దాచుకున్నవాళ్లు తమ వాదన చూపించుకోగలిగారు. మా వాడు తీర్పు, అనెక్స్ ఎల్, ఆ మూడు లైన్ల మెయిల్, డీఫాస్ చెల్లింపు పత్రం నాలుగూ ఒక కవర్లో పెట్టి మా అక్క బీరువాలో పెట్టమని ఇచ్చాడు. అక్క దాన్ని ఇంటి దస్తావేజుల పక్కన పెట్టింది.